పిడి విప్పి చూపమనండి: ఆన్‌లైన్‌లో చైనా కత్తి కొనేవాళ్ళకి

డల్లాస్‌లో ఉండే మా మేనల్లుడు ఆన్‌లైన్‌లో ఒక కటానా తెప్పించుకున్నాడు. కటానా అంటే జపాన్ తరహా పొడవాటి వంపు కత్తి, ఇది మాత్రం చైనాలో చేసింది. అమ్మేవాడి పేజీ నిండా పెద్ద పెద్ద మాటలే. చేత్తో సాగగొట్టిన ఉక్కు అని, యుద్ధానికి పనికొస్తుందని, మొన నుంచి పిడి చివరిదాకా ఒకటే ఇనుమని, ఇంకా ఏవేవో. వచ్చిన మూడోరోజు పెరట్లో నీళ్ళు నింపిన ప్లాస్టిక్ సీసాలు వరసగా పెట్టుకుని, నరుకుతా చూడు మామా అని వీడియో కాల్ చేశాడు. రెండు సీసాలు తెగినాయి. మూడోదానికి చెయ్యి ఊపేసరికి పిడి ఒక్కటే వాడి గుప్పిట్లో మిగిలింది, కత్తి ఎగిరిపోయి చెక్క కంచెకి తగిలి కింద పడింది. కంచెకి అవతల పక్కింటి పిల్లల ఊయల. కాసేపు మా ఇద్దరికీ నోట మాట రాలేదు.

డిసెంబర్‌లో తిరుపతి వచ్చినప్పుడు కత్తి ఎలాగూ తేలేడు కాబట్టి, పిడిలో విరిగి ఇరుక్కున్న ముక్కని జిప్ కవర్లో వేసుకొచ్చాడు. పాకాల దగ్గర మా పెదనాన్న కొలిమికి తీసుకుపోయినాం. ఆయన చేతులు పంచెకి తుడుచుకుని, ముక్కని వెలుతురుకి పట్టి, బొటనవేలి గోరుతో ఒకచోట గీరి చూశాడు. అక్కడ వెల్డింగ్ ముద్ద ఉంది, దాని అవతల నుంచి మరచుట్లు మొదలైనాయి. "ఇది కత్తి తోక కాదురా నాయనా, గేటుకేసే బోల్టు" అన్నాడు, మళ్ళీ కొడవలి పని చూసుకున్నాడు. తోకంటే పిడి లోపలికి దిగే కత్తి భాగం.

చేప కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూస్తాం కదా. కత్తికి మొప్ప పిడి లోపల ఉంటుంది. అది చూపిస్తాడా, చూపించకుండా కబుర్లు చెబుతాడా అన్నదాంట్లోనే సరుకు సంగతీ మనిషి సంగతీ సగం తేలిపోతాయి. మిగతా సగానికి ఏమేం చూడాలో, ఏ వరసలో చూడాలో రాస్తున్నా.

ముందు ఇక్కడివాళ్ళకి

మీరు తిరుపతిలోనో చిత్తూరులోనో కూర్చుని ఇది చదువుతుంటే, కత్తి మంచిదా కాదా అనేది రెండో ప్రశ్న. 1959 నాటి ఆయుధాల చట్టం 10వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా విదేశం నుంచి ఆయుధం తెప్పించుకోకూడదు. ఆయుధమంటే తుపాకీ ఒక్కటే అనుకోకండి. 2016 నిబంధనల్లో ఐదో వర్గం కింద ఖడ్గాలు, బాకులు, బల్లేలు, 9 అంగుళాల కంటే పొడవో 2 అంగుళాల కంటే వెడల్పో ఉన్న అలాంటి సరుకంతా ఉంది. ఇంటి పనికీ సేద్యానికీ చేసినవి ఆ లెక్కలోకి రావు కాబట్టే మన మచ్చుకత్తికీ కొడవలికీ ఎవరూ లైసెన్సు అడగరు. కటానా చూపించి కొబ్బరికాయలు కొట్టుకోడానికి సార్ అంటే ఏ ఎస్సై నమ్ముతాడు?

"పదును లేదు, షోకేసులో పెట్టేదే" అన్న మాట కూడా గట్టిగా నిలబడదు. బొమ్మగా తప్ప దేనికీ పనికిరానిది, ఆయుధంగా మార్చడానికి వీల్లేనిది అయితేనే చట్టం వదిలిపెడుతుంది, ఉక్కు కత్తికేమో సానబడితే పదును వచ్చేస్తుంది. దేశం లోపల అమ్మేవాడి దగ్గర కొనాలన్నా ముందు కలెక్టరేట్‌లో ఆయుధ లైసెన్సులు చూసే సెక్షన్‌కి వెళ్ళి అడగండి, ఒక పూట పోతుంది అంతే. ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరో "ఇండియాలో ఫుల్ లీగల్ బ్రో" అన్నాడని డబ్బు కొట్టకండి. ఇక "పార్సిల్ మీద మెటల్ క్రాఫ్ట్ అని రాసి పంపిస్తా, కస్టమ్స్‌లో ఏమీ కాదు" అనేవాడు ఎదురైతే అక్కడే ఆపేయండి. కత్తులకి కస్టమ్స్‌లో 9307 అని విడిగా ఒక కోడే ఉంది, ఎక్స్‌రేలో 70 సెంటీమీటర్ల కత్తి కత్తిలాగే కనబడుతుంది, పైన రాసిన పేరూ అడ్రసూ ఫోన్ నంబరూ మీవి. వాడు చైనాలో హాయిగా ఉంటాడు. పైగా అధికారులకి అబద్ధం రాసిచ్చేవాడు మీకు నిజం చెబుతాడని ఎందుకు అనుకోవాలి?

లైసెన్సు ఉండి కొన్నా దాన్ని డిక్కీలో మర్చిపోయి కొండకి బయలుదేరకండి, అలిపిరిలో బండి మొత్తం వెతుకుతారు. జాతర వేషానికో, భారతం నాటకానికో అయితే రేకు కత్తో చెక్క కత్తో చాలు. సాధనకి నా దగ్గరున్నది కూడా చెక్కదే, దాన్ని బొక్కెన్ అంటారు, తలమీద పడితే అదీ తక్కువేం కాదు.

ఇకమీదట రాసేది కత్తి కొనడం చట్టప్రకారం కుదిరే దేశాల్లో ఉన్న మన పిల్లలకి, ఇక్కడ లైసెన్సు తీసుకుని కొనేవాళ్ళకి.

ఎందుకో తేల్చుకోండి

గోడకి తగిలించుకోడానికైతే స్టెయిన్‌లెస్‌ది కొనుక్కోండి, తుప్పు పట్టదు, చవక, తప్పేం లేదు. కానీ దాన్ని ఎప్పుడూ గట్టిగా ఊపకండి. 420, 440 అని రాసి ఉండే స్టెయిన్‌లెస్ రకాలు వంటింటి చాకుకి బాగుంటాయి, అంత పొడవు కత్తిగా చేస్తే దెబ్బకి విరిగే గుణం ఉంటుంది. ఒకే పేజీలో స్టెయిన్‌లెస్ అనీ, నరకడానికి పనికొస్తుందనీ రెండూ రాస్తే ఇంకో పేజీ చూసుకోండి. ఊషూ అనే చైనా యుద్ధవిద్య ఆటకి వాడే జియాన్, అంటే రెండు వైపులా అంచున్న తిన్నటి చైనా కత్తి, ఇంకో రకం, పల్చటి రేకులా ఊగుతూ టకటక శబ్దం చేస్తుంది, ఆటకి అదే కావాలి. దాంతో వెదురు నరుకుతానంటే కుదరదు. నరికే సాధనకి కొనేవాళ్ళే జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే అక్కడ మోసపోతే పోయేది డబ్బు ఒక్కటే కాదు.

ఉక్కు నంబర్లు చదవడం

అమ్మకం పేజీల్లో 1045, 1060, 1095 అని కనబడుతుంటాయి. మొదటి 10 అంటే ఇనుము, కార్బన్ తప్ప పెద్దగా వేరే లోహాలు కలపని ఉక్కు అని, చివరి రెండు అంకెలు కార్బన్ ఎంతో చెబుతాయి. 1045లో 0.45 శాతం, 1095లో 0.95 శాతం. టీ10 అనేది చైనావాళ్ళ పనిముట్ల ఉక్కు, దాంట్లో కార్బన్ ఒక శాతం దగ్గర ఉంటుంది, అంటే ఆకురాయి చేసే ఉక్కు లాంటిది. 5160, 9260 అంటే కమాను పట్టీల జాతి, వంగి మళ్ళీ యథాస్థానానికి వచ్చేవి. మా పెదనాన్నకి ఈ నంబర్లేవీ తెలియవు గానీ లారీ కమాను పట్టీ ముక్క దొరికితే మాత్రం ఎవరికీ ఇవ్వడు, మంచి మచ్చుకత్తులన్నీ దాంతోనే చేస్తాడు.

నంబరు పెద్దదైతే కత్తి గొప్పది అనుకోవడం పొరపాటు. ఉక్కుని ఎంత ఎర్రగా కాల్చాడు, దేంట్లో ముంచాడు, తర్వాత మళ్ళీ ఎంత వేడిచేసి పెళుసుదనం తీశాడు, దాంట్లో ఉంది అసలు పని. 1045ని సరిగ్గా కాల్చినవాడి కత్తి, 1095ని చెడగొట్టినవాడి కత్తి కంటే నయం. అందుకని ఉక్కు పేరు ఒక్కటే అడగకుండా "అంచు దగ్గర గట్టిదనం ఎంత, వెన్ను దగ్గర ఎంత" అని, లోహాల గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ లెక్కలో అడగండి. అంచు ఒక్కటే గట్టిపరిచిన కటానాకి అంచు 58, 60 దగ్గర, వెన్ను 40 దగ్గర ఉంటుందని చెబుతారు. మొత్తం ఒకేలా గట్టిపరిచిన కమాను ఉక్కు కత్తి అయితే 50ల్లో ఉంటుంది. కత్తి మొత్తం 60 అన్నవాడికి కత్తి గురించి తెలియదు, లేదా మీకు తెలియదని అనుకుంటున్నాడు.

అయస్కాంతం పెట్టి చూడమని కొందరు చెబుతారు. దండగ. స్టెయిన్‌లెస్‌లో 420 రకం కూడా అయస్కాంతానికి అంటుకుంటుంది.

ఇక మడతల సంగతి. "4096 పొరలు" అని చూడగానే కళ్ళు పెద్దవి చేసుకోకండి, ఉక్కుని పన్నెండుసార్లు మడిస్తే లెక్క ప్రకారం అంతే వస్తుంది. పాతకాలం జపాన్‌లో ఇసుక ఇనుముని కరిగిస్తే వచ్చే గడ్డలో ఒకచోట కార్బన్ ఎక్కువ, ఇంకోచోట తక్కువ, మధ్యలో చిట్టెం. దాన్ని సమం చెయ్యడానికి మడిచి మడిచి కొట్టేవాళ్ళు. ఇప్పుడు ఫ్యాక్టరీ నుంచి వచ్చే ఉక్కు ముందే సమంగా ఉంటుంది, దాన్ని మళ్ళీ మడిస్తే అందమే తప్ప బలం పెరగదు, సరిగ్గా అతుక్కోని పొర ఒకటి లోపల మిగిలిపోతే ఉన్న బలమూ పోతుంది. చవక కత్తుల్లో ఆ గీతలు కూడా నిజం మడతలవి కావు, యాసిడ్‌తో పైపైన వేసినవి. గుర్తుపట్టాలంటే గీతలు కత్తి చెంప మీద నుంచి వెన్ను మీదికి, అక్కడి నుంచి పిడి లోపలి తోక మీదికి సాగుతున్నాయా చూడండి. ఒకే డిజైన్ చీర బార్డర్‌లా మళ్ళీ మళ్ళీ వస్తుంటే అచ్చు వేసిందే. దీన్నే డమాస్కస్ అని కూడా అమ్ముతారు. పాత డమాస్కస్ కత్తుల ఉక్కు మూసలో కరిగించి తీసింది, దాని చారలు మడతలవల్ల వచ్చినవి కావు, లోపల కార్బన్ పేరుకున్న తీరువల్ల వచ్చినవి. నిజామాబాద్ దగ్గర కోనసముద్రం ఒకప్పుడు ఆ ఉక్కుకే పేరుమోసింది. ఈ సంగతి అమ్మేవాడికి చెప్పి లాభం లేదు, ఊరికే మీ చెవిన వేశా.

అంచు వెంట పొగమంచు గీత

కటానా అంచు వెంట అలలాగా తెల్లటి గీత ఉంటుంది, హమోన్ అంటారు. వెన్ను మీద మట్టి మందంగా, అంచు మీద పల్చగా పూసి, కాల్చి నీళ్ళలో ముంచితే అంచు చటుక్కున చల్లారి గట్టిపడుతుంది, వెన్ను మెల్లగా చల్లారి మెత్తగా ఉండిపోతుంది. ఆ రెండూ కలిసే చోటే ఆ గీత. నిజమైనది లైటు కింద కత్తిని అటూ ఇటూ తిప్పుతుంటే ఒకసారి కనబడి ఒకసారి మాయమవుతుంది, అంచులు పొగలా కరిగిపోతాయి, ఒక అల ఇంకో అలలా ఉండదు. దొంగది ఎటు తిప్పినా ఒకేలా తెల్లగా, ముగ్గు గొట్టంతో వేసినట్టు ఉంటుంది. అందుకే ఫోటో అడగకండి, ఒకే లైటు కింద మెల్లగా తిప్పుతూ తీసిన వీడియో అడగండి. మీ చేతికి వచ్చాక అనుమానం ఉంటే తోక దగ్గర కనబడనిచోట సన్నటి పాలిష్ కాగితంతో రుద్ది, వెనిగరో నిమ్మరసమో అద్ది తుడవండి. నిజమైన గీత అయితే మళ్ళీ తేలుతుంది, పైపూత అయితే పోయింది పోయినట్టే. వాపసు పంపే ఉద్దేశం ఉంటే మాత్రం ఈ పని చెయ్యకండి, మీరే పాడుచేశారంటాడు.

ఇప్పుడు పిడి

అమ్మేవాడికి రాయాల్సింది ఇంతే: "పిడి తీసి తోక రెండు వైపులా ఫోటో పంపండి, పక్కన ఈరోజు తేదీ రాసిన కాగితం పెట్టండి." కటానాకి పిడిని పట్టి ఉంచేది మెకుగి అనే వెదురు మేకు. పేరు వింటే మన మేకుకి చుట్టంలా ఉంటుంది, పని కూడా అదే. చిన్న సుత్తితో తడితే ఊడొస్తుంది, పిడి జారి బయటికి వస్తుంది, మొత్తం ఐదు నిమిషాలు. "పిడి ఊడదండీ, గమ్ పెట్టి బిగించాం" అన్నాడంటే కటానా విషయంలో ఆ బేరం అక్కడితో సరి.

ఫోటో వచ్చాక చూడాల్సింది ఇది. తోక వెడల్పుగా ఉండి కత్తి నుంచి మెల్లగా సన్నబడాలి, పిడి పొడవులో సగానికి పైనే రావాలి. కత్తి, తోక కలిసేచోట లోపలి మూలలు కొంచెం గుండ్రంగా ఉండాలి, కత్తిరించినట్టు తొంభై డిగ్రీల మూల ఉంటే పగులు అక్కడే మొదలవుతుంది. రంగు మారిన పట్టీ, ముద్దలా ఉబ్బు, గ్రైండర్ తిప్పిన గుర్తు కనబడితే అది వెల్డింగ్. సన్నటి కడ్డీ, దానికి మరచుట్లు ఉంటే మా మేనల్లుడి బోల్టే. ఇక్కడ ఒక్క సంగతి, చైనా జియాన్‌లో పిడి చివర నట్టు ఉండడం మామూలే, నట్టు చూసి పారిపోకండి. నట్టు పట్టే మరని తోక చివరనే కోశాడా, వేరే కడ్డీ తెచ్చి అతికాడా అని అడగండి.

మేకు బొక్క కూడా చూడండి. వెదురు మేకు అందులో బిర్రుగా కూర్చోవాలి. రెండు మేకులున్నంత మాత్రాన గొప్ప కాదు, రెండూ వదులైతే ఏం లాభం.

పాతదని అమ్మేవాళ్ళ విషయంలో తోకే సాక్షి. రెండో ప్రపంచయుద్ధం నాటి జపాన్ సైనిక కత్తులకి, చింగ్ రాజుల కాలం నాటి జియాన్‌లకి చైనాలో నకళ్ళు కుప్పలుగా తయారవుతాయి. ఎనభై ఏళ్ళ తుప్పు ముదురు గోధుమరంగు దాటి నలుపుకి తిరిగి, ఇనుముతో కలిసిపోయి ఉంటుంది. యాసిడ్‌తో తెప్పించిన తుప్పు ఇటుకపొడిలా ఎర్రగా ఉండి వేలికి అంటుతుంది. అసలైన పాతదాన్ని తక్కువ ధరకి ఎవరూ మీకోసం అట్టిపెట్టరు.

కాటా, కొలత

పేజీలో "బరువు దాదాపు ఒకటిన్నర కిలో, ఒర, డబ్బాతో సహా" అని ఉంటుంది, దాంతో మీకేం తెలియదు. ఒర లేకుండా కత్తిని వంటింటి కాటా మీద పెట్టి గ్రాముల్లో చూపించమనండి. 70, 73 సెంటీమీటర్ల అంచున్న కటానా 1 కిలో నుంచి 1.3 కిలోల మధ్య ఉంటుంది. అంతకంటే బాగా బరువుంటే ఉక్కు ఎక్కువ ఇచ్చాడని మురిసిపోకండి, చెక్కాల్సింది చెక్కకుండా వదిలేశాడని అర్థం. మందం కూడా రెండుచోట్ల అడగండి, పిడి మొదట్లో 7 మిల్లీమీటర్లు ఉంటే మొన దగ్గరికి 5కి అటూఇటూ తగ్గాలి. రెండుచోట్లా ఒకే మందం ఉంటే రేకు కోసినట్టు కోసిన పట్టీ, చేతిలో గడ్డపారలా ఉంటుంది.

మనిషిని చూడడం

చైనా కత్తులు చాలామటుకు జెజియాంగ్ రాష్ట్రంలోని లుంగ్‌చువాన్ అనే ఊరి నుంచి వస్తాయి. వందల ఏళ్ళుగా కత్తులకి పేరున్న ఊరు, అక్కడి కత్తి తయారీని 2006లో చైనా జాతీయ వారసత్వ జాబితాలో చేర్చారు. మంచి పనివాళ్ళు నిజంగా ఉన్నారు. కాబట్టి చైనా అంటేనే డొల్ల అనుకోనక్కర్లేదు. చైనాలో చేసినదాన్ని చైనాదని చెప్పుకోవడానికి సిగ్గుపడేవాడితోనే మనకి పేచీ. "జపాన్‌లో చేసింది, 100 డాలర్లు" అంటే నవ్వి వదిలేయండి. జపాన్‌లో లైసెన్సున్న కమ్మరి నెలకి రెండు పొడవు కత్తులకి మించి చెయ్యకూడదు, అలాంటి కొత్త కత్తి వేల డాలర్లు పలుకుతుంది. లుంగ్‌చువాన్ నుంచి నరకడానికి పనికొచ్చే మామూలు కటానా బయటి దేశాల్లో 150 నుంచి 300 డాలర్ల మధ్య దొరుకుతుంది. మన దేశంలో అమ్మే పేజీల్లో అయితే తయారైన దేశం పేరు చూపించాలని 2020 ఈ-కామర్స్ నిబంధనలే చెబుతున్నాయి, అది లేకపోతే ఎందుకు లేదో అడగండి.

పేజీలోని ఫోటోని ఇమేజ్ సెర్చ్‌లో పెట్టండి. ఒకే ఫోటో నాలుగు షాపుల్లో కనబడినంత మాత్రాన దొంగలని కాదు, ఒకే కార్ఖానా సరుకు నలుగురు అమ్ముతుంటారు. ఒకే ఫోటో కింద ఒకడు 1060 అని, ఇంకోడు టీ10 అని, మూడోవాడు డమాస్కస్ అని రాస్తే మాత్రం ముగ్గురికీ తాము ఏం అమ్ముతున్నారో తెలియదు. అదీ అడగండి, "మిగతా షాపుల్లో వేరే ఉక్కు పేరు ఉందేంటి" అని. నిజాయితీపరుడు "వాళ్ళ సంగతి తెలియదు, మాది ఈ రకం, ఇదిగో తోక" అంటాడు. మిగతావాళ్ళు డిస్కౌంట్ ఇస్తామంటారు. ప్రశ్నకి జవాబుగా డిస్కౌంట్ వచ్చిందంటే నాకైతే అదే జవాబు.

రివ్యూల్లో ఐదు నక్షత్రాలవి వదిలేయండి. "ప్యాకింగ్ సూపర్, పిల్లాడికి నచ్చింది" అన్నవి దేనికీ పనికిరావు. మూడు నక్షత్రాలవి చదవండి, అర్ధసంవత్సరం వాడినవాళ్ళు రాసింది వెతకండి. పాత రివ్యూలకి దిగితే ఒక్కోసారి ఫోన్ కవర్ గురించో దుప్పటి గురించో ఉంటుంది, అంటే ఇంకేదో సరుకు పేజీని కత్తి పేజీగా మార్చాడన్నమాట.

మా మేనల్లుడికి రెండోసారి కొనేటప్పుడు ఒకతను మూడు రోజులకి జవాబిచ్చాడు, వచ్చీరాని ఇంగ్లీషులో. తోక ఫోటో, తేదీ కాగితం, కాటా మీద 1,140 గ్రాములు, దాంతోపాటు "ఒర కొంచెం వదులు, ఈ బ్యాచ్ అన్నీ అంతే" అని తనే రాశాడు. మా మేనల్లుడు వెంటనే ఆర్డర్ పెట్టాడు. ఒర నిజంగానే వదులు.

డబ్బు, డబ్బా

చాట్‌లోకి రా, యూపీఐ చెయ్, బ్యాంకుకి పంపు అంటే పంపకండి. వాపసు నియమాలున్న చోటే, గొడవ పెట్టుకోడానికి వీలున్న పద్ధతిలోనే కట్టండి. వాపసు అంటే ఏ అడ్రసుకి, ఖర్చు ఎవరిది అని ముందే రాయించుకోండి. చైనాకి తిప్పి పంపే ఖర్చు కత్తి ధరని మించిపోతుంది కాబట్టి, "20 శాతం ఇస్తాం, కత్తి మీరే ఉంచుకోండి" అని మొదలుపెడతారు. తోక వెల్డింగ్‌ది అయితే ఒప్పుకోకండి. పేజీలో రాసింది ఒకటి, వచ్చింది ఒకటి అని ఫోటోలతో పెట్టండి. మన దగ్గర కొన్న సరుకైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, డబ్బు తీసుకుని మాయమైపోతే సైబర్ మోసాలకి 1930, అదీ ఆలస్యం చెయ్యకుండా.

పార్సిల్ రాగానే సీలు కనబడేలా వీడియో మొదలుపెట్టి, ఆపకుండా, పిడి విప్పేదాకా తియ్యండి. కత్తిని కంటికి ఆనించి వెన్ను వెంట చూడండి, మెలిక ఉంటే కనబడిపోతుంది. పిడికీ కత్తికీ మధ్య చేతికి అడ్డుగా ఉండే కాపుదల చక్రం, చెవి దగ్గర పెట్టి కదిపితే గలగలమనకూడదు, పిడి మీది తాడు బొటనవేలితో నెడితే జరగకూడదు. ఒరని తలకిందులు చేస్తే కత్తి జారకూడదు, బొటనవేలితో నెడితే మాత్రం రావాలి. ఇది చేసేటప్పుడు కింద మీ కాలు, పిల్లలు, కుక్క ఉండకుండా చూసుకోండి. తర్వాతే ఊపడం, అదీ చుట్టుపక్కల ఎవరూ లేనిచోట. ప్రతిసారీ ఊపే ముందు మేకు నొక్కి చూడండి.

తుడిచాక పల్చగా కుట్టుమిషన్ నూనె రాయండి. కొబ్బరినూనె, నువ్వులనూనె వద్దు, కొన్నాళ్ళకి జిగురుగా మారతాయి.